ఆదివారం కూపీ

ఫోటోలు తీయడం మొదలుపెట్టిన ప్రతివాడూ ముందు పువ్వుల మీద పడతాడు. పువ్వుల తర్వాత పిల్లులు, పిల్లుల తర్వాత సూర్యాస్తమయాలు. ఈ మూడూ అయ్యాక గానీ మనిషి జోలికి వెళ్ళడానికి ధైర్యం చాలదు. ఇస్త్రీబాబుకి ఆ యోగం లేదు. అతను పనిచేసే చోట పువ్వూ లేదు, పిల్లీ లేదు, సూర్యుడు అసలే లేడు. పెద్ద హోటలు నేలమాళిగలో లాండ్రీ అది. ఒకవైపు గిర్రున తిరిగే యంత్రాలు, ఇంకోవైపు ఆవిరి, మధ్యలో తడి దుప్పటిని ఇటు మింగి అటు చదునుగా కక్కే పెద్ద రోలరు. ఆ రోలరుకి దుప్పట్లు అందించడమే అతని కొలువు. పొద్దున దిగితే సాయంత్రం దాకా ట్యూబులైటు కింద బతుకు. నలభై దాటిన అలాంటి మనిషికి పాత సామాన్ల కొట్లో గీతలు పడ్డ కెమెరా ఒకటి కనబడితే, ఎందుకు కొన్నావని అడగడం మనదే తప్పు.

అతన్ని ఫోటోల గ్రూపులో చేర్పించింది మూటలక్క. హోటలు గదుల నుంచి వచ్చే మాసిన బట్టల మూటలు విప్పి వేరుచేసే మనిషి ఆమె. తనేనాడూ ఒక ఫోటో తీసిన పాపాన పోలేదు గానీ, ఊళ్ళోవాళ్ళ ఫోటోలు చూసి వంకలు పెట్టకపోతే ఆమెకి అన్నం అరగదు.

"ఇందులో చేరు తమ్ముడూ. నాలుగైదు వేలమంది ఉన్నారు. అందరూ నీలాంటి పిచ్చివాళ్ళే, నీకు బాగా కుదురుతుంది" అంది.

పేరు రాయమన్న చోట అతను 'ఇస్త్రీ' అని రాశాడు. రెండో రోజుకల్లా గ్రూపువాళ్ళు దానికి బాబు తగిలించేశారు.

ఆ గ్రూపు నడిపేది మాస్టారు. ఒకప్పుడు స్టూడియో పెట్టుకుని, నడుం పట్టేసి, ఇప్పుడు ఇంట్లో కూర్చుని కొత్తవాళ్ళ నడుములు విరగ్గొడుతున్న పెద్దమనిషి. అక్కడ 'బాగుంది' అన్న ఒక్క ముక్క రాసి ఊరుకుంటే కుదరదు. ఎందుకు బాగుందో చెప్పాలి, బాగాలేకపోతే ఎక్కడ చెడిందో చెప్పాలి. లేదంటే మాస్టారు ఆ కామెంటు పీకేస్తాడు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఒకావిడ ఉంది. ఏ నీడ చూపించినా అది ఏ వేళప్పటిదో, ఏ దిక్కుదో చెప్పేస్తుందని ఆమెకి నీడలమ్మ అని పేరు పెట్టారు. సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసే రైలు బాబాయి ఉన్నాడు. బండి మీద పార్సిళ్ళు మోస్తూ సందుసందునా ఫోటోలు తీసే కొరియరు ఉన్నాడు. ఇస్త్రీబాబు మొదట పెట్టిన ఆవిరి ఫోటో కింద వీళ్ళందరూ కలిసి పేజీలకి పేజీలు రాశారు. సగం తిట్లే. అయినా అతను ఉబ్బితబ్బిబ్బయ్యాడు. రోలరు దగ్గర అన్నేళ్ళు నిలబడితే పలకరించిన నాథుడు లేడు మరి.

ఇక అతని చెల్లెలి సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనే ఉంది గానీ, కథంతా అక్కడే ఉంది.

చెల్లెలి మొగుడు డ్రైవింగు స్కూలు నడుపుతాడు. గొంతు పెంచని మనిషి. స్టీరింగు పట్టుకుని వణికిపోయే కొత్తవాళ్ళ పక్కన కూర్చుని "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటూ నేర్పిస్తాడని బయట మంచి పేరు. ఆ నెమ్మదితోనే ఇంటి తలుపు వేసి, భార్యని కొట్టేవాడు. మొదటిసారి చెయ్యి విరిగింది. రెండోసారి భుజం ఎముక విరిగి ఆసుపత్రిలో చేరింది. అక్కణ్ణించి ఆమె మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు. పోలీసు స్టేషనుకి వెళితే, మొగుడూ పెళ్ళాల గొడవ, మీలో మీరే సర్దుకోండమ్మా అని పంపించేశారు.

"వెతికి పట్టుకుంటానన్నాడు అన్నయ్యా. ఈసారి ఆసుపత్రి దాకా రానివ్వనన్నాడు" అంది ఆమె.

అన్న నమ్మాడు. ఆ మనిషి మాట తప్పేరకం కాదని ఇద్దరికీ తెలుసు. ఊళ్ళోనే, ఎవరూ ఊహించని చోట, పాత మేడ మీద మూడో అంతస్తులో ఒక గది చూసి ఆమెని అక్కడ దాచాడు. ఎక్కడుందో ఒక్క పిట్టకి కూడా తెలియనివ్వలేదు. సొంత తల్లికి కూడా చెప్పలేదు. అమ్మ మంచిదే గానీ నోట్లో నువ్వుగింజ నానదు.

అమ్మ రోజూ అడిగేది.

"బతికుందా? ఆ ఒక్కటీ చెప్పు చాలు."

"ఉందమ్మా."

"ఎక్కడుంది?"

"ఉంది."

"కన్నతల్లిని, నాకే చెప్పవు!" అని ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం దగ్గర కూడా కొడుకు మొహం చూసేది కాదు. అతను అదీ భరించాడు.

మొగుడు ఊరుకోలేదు. మొదట్లో ఇంటికొచ్చాడు. తర్వాత హోటలు వెనక గేటు దగ్గర, డ్యూటీ దిగే వేళకి నిలబడేవాడు.

"బావా, చిన్నీ ఎలా ఉంది? ఏదో అలిగింది. నేనేమీ అననులే. ఒక్కసారి మాట్లాడించు చాలు" అనేవాడు, తోడబుట్టినవాడిలా భుజం మీద చెయ్యివేసి.

"నాకు తెలియదు బావా" అనేవాడు ఇస్త్రీబాబు.

గదిలో చెల్లెలు మొదటి రోజుల్లో మనిషి కాదు. తలుపుకి ఉన్న గొళ్ళెం చాలదని ఇంకో రెండు బిగించమంది. కిటికీకి మందపాటి తెర వేయించుకుంది. దాన్ని కొస కూడా కదపనిచ్చేది కాదు. మెట్ల మీద ఎవరు నడిచినా కూర్చున్నచోటే బిగుసుకుపోయేది. అన్న వారానికోసారి దారి మార్చి, బస్సు మార్చి, సరుకులు తెచ్చేవాడు. ఇద్దరూ లైటు వేసుకుని ఎదురెదురుగా కూర్చునేవారు.

ఒకరోజు అతను కెమెరా తెచ్చాడు. వేరే ఎవరున్నారు, కూర్చోమంటే కూర్చోడానికి?

"తెర కొంచెం తీయవే. వెలుగు లేకపోతే ఏమీ పడదు" అన్నాడు.

"వద్దన్నయ్యా."

"మూడో అంతస్తు. ఎదురుగా ఇల్లు లేదు. ఎవరు చూస్తారు? బెత్తెడు తీయి."

ఆమె గోడకి ఆనుకుని నిలబడి బెత్తెడు తీసింది. సాయంత్రపు ఎండ బల్ల మీద పడింది. ఆమె బఠానీలు వలుస్తోంది. మొహం వద్దు, చేతులే తీస్తానన్నాడు. తీశాడు. అంచులు కత్తిరించి, కిటికీ లేకుండా, గది ఆనవాలు లేకుండా గ్రూపులో పెట్టాడు.

ఆ చేతులకి గ్రూపంతా పడిపోయింది. "ఎవరివి ఈ చేతులు? పని చేస్తున్నట్టు లేవు, ఆలోచిస్తున్నట్టున్నాయి" అని రాసింది నీడలమ్మ. ఎవరినీ మెచ్చుకోని మాస్టారు "వేళ్ళ మధ్య వెలుగు నిలబడింది. ఇస్త్రీబాబుకి చూడటం వస్తోంది" అన్నాడు. మరుసటి వారం అతను ఫోను తీసి ఇవన్నీ చెల్లెలికి చదివి వినిపించాడు. ఆమె తన చేతుల్ని తిప్పితిప్పి చూసుకుంది. "ఇంత మంచివా ఇవి!" అని నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తులేదు.

ఆ తర్వాత తెర జానెడు తెరుచుకుంది. ఆ తర్వాత సగం. అతను వచ్చేసరికి ఆమె రంగు స్వెట్టరు వేసుకుని, బల్ల తుడిచి, స్టీలు కెటిల్ తళతళా తోమి పెట్టి, "ఇవాళ ఏం చేయమంటావు, ఉల్లిపాయలు తరగనా, బొత్తాలు కుట్టనా?" అని అడిగేది. వీపు తీశాడు, జడ తీశాడు, గోడ మీద నీడ తీశాడు. మొహం ఎప్పుడూ తీయలేదు. గ్రూపువాళ్ళని ఆమె 'మనవాళ్ళు' అనడం మొదలుపెట్టింది. "మనవాళ్ళేమన్నారు? నీడలమ్మగారు ఏం రాశారు?" అనేది. ముక్కూమొహం తెలియని జనం ఆమెకి చుట్టాలైపోయారు. తప్పు పడదామంటే మనసొప్పదు. ఆ గదిలోకి వచ్చిన గాలీ వెలుగూ వాళ్ళే.

ఈ మధ్యలోనే ఒకరోజు మూటలక్క మాటల సందులో అంది.

"మీ బావగారట, మొన్న గేటు దగ్గర కనిపించారు. ఎంత మర్యాదస్తుడు తమ్ముడూ! నీ గురించే మాట్లాడాం. మావాడు ఫోటోల్లో దుమ్ము రేపుతున్నాడని ఫోనులో చూపించాను. ఎంత సంబరపడ్డారో! గ్రూపు పేరు కూడా రాసుకున్నారు."

ఇస్త్రీబాబు ఆ పూటంతా రోలరులోకి దుప్పట్లు వంకరగా పెట్టి తిట్లు తిన్నాడు. ఇంటికెళ్ళి పెట్టిన ఫోటోలన్నీ మొదటి నుంచీ చూసుకున్నాడు. మొహం లేదు. కిటికీ లేదు. ఊరు లేదు. అన్నీ చేతులే. చేతులు ఎవరికైనా ఉంటాయి అనుకున్నాడు. మంచం మీదా బల్ల దగ్గరా ఏళ్ళతరబడి ఆ చేతుల్నే చూసిన మొగుడికి మొహం అవసరం లేదన్న సంగతి ఆ మహానుభావుడి బుర్రకి తట్టలేదు. తట్టినా పక్కకి నెట్టేశాడేమో. అప్పటికే మెప్పుకి అలవాటుపడి ఉన్నాడు.

ఇప్పుడు కూపీ గురించి చెప్పాలి. ఆ గ్రూపులో ప్రతి ఆదివారం ఒక ఆట ఆడతారు. మాస్టారు ఒక కొత్తవాడి ఫోటో ఎంచుకుంటాడు. కత్తెర పడని అసలు ఫోటో మొత్తం పెట్టాలి. అది ఎక్కడ తీసిందో మిగతావాళ్ళు కూపీ లాగాలి, నీడని బట్టి, గోడని బట్టి, దేన్ని బట్టయినా సరే. వాళ్ళు అడిగినదానికి తీసినవాడు 'దగ్గర' అనో 'దూరం' అనో మాత్రమే చెప్పాలి. అబద్ధం ఆడితే గ్రూపులోంచి వెలి. కనిపెట్టినవాడు ఆ చోటికి వెళ్ళి, బయటి నుంచి ఫోటో తీసి పెడితేనే గెలిచినట్టు. దాన్ని సాక్షి ఫోటో అంటారు. సాయంత్రం దాకా ఎవరికీ దొరక్కపోతే గెలుపు తీసినవాడిది. ఆ ఫోటో వారమంతా గ్రూపు నెత్తి మీద ఉంటుంది. మనిషి ఎలా చూడాలో నేర్పడానికే ఈ ఆట అని మాస్టారు చెప్పేవాడు. నేర్పేది కూడా నిజమే.

మాస్టారు ఇస్త్రీబాబుకి కబురు పెట్టాడు. "ఈ ఆదివారం మీది. టీ కప్పు పక్కన చేతులున్న ఫోటో. అసలుది పంపండి."

అతను రెండ్రోజులు ఊగిసలాడాడు. అసలు ఫోటోని పెద్దది చేసి గాలించాడు. కిటికీ కొస పడింది గానీ, బయటంతా ఎండకి తెల్లగా మండిపోయి ఏమీ కనిపించడం లేదు. బల్ల, కప్పు, కెటిల్, చేతులు, గోడ మీద కిటికీ ఊచల నీడ. అంతే. అయినా చెల్లెలికి చూపించి అడిగాడు.

ఆమె తల వంచి చూసింది. "ఇందులో నేనెక్కడున్నానన్నయ్యా? చేతులే కదా. ఇది చూసి ఎవడు కనిపెడతాడు? పెట్టు. మనమే గెలుస్తాం" అంది. ఆగి, "ఒకవేళ నీడలమ్మగారే కనిపెట్టి వస్తే టీ పెట్టిస్తాలే" అని నవ్వింది.

అతను పంపించాడు.

ఆదివారం హోటలుకి సెలవుండదు. ఫోనులు పైన గేటు పక్క అరల్లో పెట్టి కిందికి దిగాలి. కింద సిగ్నలు కూడా అందదు. పొద్దుటి టీ వేళకి అతను పైకొచ్చి చూసేసరికి ఆట రంజుగా ఉంది.

"ఊచల నీడ పైకి పాకింది. పడమటి కిటికీ. దగ్గరా దూరమా?" నీడలమ్మ.

ఊళ్ళో సగం కిటికీలు పడమరకే. "దగ్గర" అని రాశాడు.

"కప్పులో టీ చూడండి. పైన సన్నటి వలయాలున్నాయి. బల్లని ఎవరూ తాకలేదు. అంటే ఇల్లే అదురుతోంది. రైలుకట్ట పక్కిల్లు. కాదంటే నా ఉద్యోగం వదిలేస్తా." రైలు బాబాయి.

ఇస్త్రీబాబు అదిరిపోయాడు. భయంతో కాదు, మెచ్చుకోలుతో. తను తీసిన ఫోటోలో, తను చూడని సంగతి ఒకటి ఉంది! ఆ ఫోటో అంత చదవదగ్గదన్నమాట. నవ్వుకుంటూ "దగ్గర" అని రాసి, ఫోను అరలో పెట్టి కిందికి దిగిపోయాడు. ఆ నిమిషాన అతనికి చెల్లెలు గుర్తే రాలేదు. అదే నిజం.

భోజనానికి పైకొచ్చేసరికి కామెంట్లు వరదలా ఉన్నాయి. ఎవరో స్టీలు కెటిల్‌ని పెద్దది చేసి పెట్టారు. తళతళా తోమిన కెటిల్ బొజ్జ మీద కిటికీ బయటి లోకమంతా వంకరగా పడి ఉంది. ఎరుపూ తెలుపూ పట్టీల నీళ్ళ ట్యాంకు, దానికి ఇనుప నిచ్చెన, పక్కన పొగగొట్టం.

"ఈ ట్యాంకు నాకు తెలుసు! పాత పిండిమిల్లు వెనకది. రోజూ ఆ సందులో పార్సిళ్ళిస్తాను" అని కొరియరు.

"ట్యాంకు నడుము కిటికీకి తిన్నగా ఉంది. మూడో అంతస్తు" అని నీడలమ్మ.

"అయితే పచ్చగేటు మేడే. అక్కడ మూడంతస్తులున్నది అదొక్కటే. దగ్గరా దూరమా ఇస్త్రీబాబూ? చెప్పేయండి!" మళ్ళీ కొరియరు.

అతను "దూరం" అని రాశాడు. "చాలా దూరం" అని మళ్ళీ రాశాడు.

నీడలమ్మ వెంటనే అందుకుంది. "అబద్ధం. పడమర దగ్గరన్నారు, రైలుకట్ట దగ్గరన్నారు. రైలుకట్ట పక్కన ఇలాంటి ట్యాంకు ఊరంతటికీ ఇదొక్కటే. ఇప్పుడు దూరమంటున్నారంటే దొరికిపోయారన్నమాట!" దాని కింద నవ్వులే నవ్వులు. అతను దాచబోయిన కొద్దీ వాళ్ళకి నమ్మకం గట్టిపడింది.

అతను మాస్టారుకి విడిగా రాశాడు. "దయచేసి పోస్టు తీసేయండి. ప్రాణం మీదికొస్తుంది." ఆట పోస్టు తీసే అధికారం మాస్టారు ఒక్కడికే ఉంది.

"ఓడిపోయేముందు అందరూ అదే అంటారు" అని జవాబొచ్చింది.

"ఆట కాదండీ. నిజంగా. మీకు దండం పెడతాను."

"ఆట మధ్యలో తీసేసే అలవాటు నాకు లేదు. ఓడటం కూడా నేర్చుకోవాలి."

ఫోను చేయాల్సింది చెల్లెలికి. అతను మాస్టారుతో బతిమాలాట పెట్టుకుని కూర్చున్నాడు. పోస్టు పోతే గండం పోతుందనుకున్నాడు. దాన్ని చూడకూడనివాడు పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాడన్న ఆలోచన రావడానికి అంతసేపు పట్టింది.

ఈలోపు సాక్షి ఫోటో పడింది.

కొరియరు తీసింది. మంచి ఫోటో. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఇస్త్రీబాబు కళ్ళు ముందు వెలుగునే చూశాయి. పాత గోడ మీద ఏటవాలుగా పడ్డ ఎండ, పైన మూడో అంతస్తు కిటికీలో తెర పూర్తిగా తీసి, రంగు స్వెట్టరులో చెయ్యి ఊపుతున్న ఒక మనిషి. చెల్లెలు. కొరియరుని చూసి చెయ్యి ఊపుతోంది. ఇన్నాళ్ళలో ఆమె మొహం బయట పడటం అదే మొదలు. ఆ తర్వాత అతని చూపు కిందికి దిగింది. పచ్చగేటు దగ్గర, కెమెరాకి వీపు పెట్టి, లోపలికి అడుగు పెడుతున్న ఒక మగమనిషి. కాస్త వంగిన ఆ భుజాల్ని అతను లాండ్రీ గేటు దగ్గర ఎన్నిసార్లు చూశాడో.

ఫోటో కింద మాస్టారు అప్పుడే రాశాడు. "కింద ఆ మనిషి లేకపోతే ఫోటో ఖాళీగా ఉండేది."

అతను ఫోను చేశాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. మూడోసారికి ఆమె ఎత్తింది. గొంతులో ఉత్సాహం పొంగుతోంది.

"అన్నయ్యా! ఓడిపోయాం. మనవాళ్ళు కనిపెట్టేశారు! కిందనుంచి ఒకాయన ఫోటో తీశాడు. నేను చెయ్యి ఊపాను. పైకి వస్తున్నట్టున్నారు, మెట్ల మీద చప్పుడవుతోంది. టీ నీళ్ళు పడేశాను."

"చిన్నీ, తలుపు తీయకు."

"ఏమిటీ? వినబడటంలేదు, రైలు వెళ్తోంది."

"గొళ్ళేలు పెట్టు! మూడూ పెట్టు! వాడే వస్తున్నాడు, వాడు!"

"తీసేసి ఉంచానన్నయ్యా. వచ్చినవాళ్ళని బయట నిలబెడితే ఏం బాగుంటుంది?" అంది. వెంటనే ఫోను కొంచెం పక్కకి పెట్టి "రండి, రండి" అంది, తలుపువైపు.

తర్వాత ఒక్కమాట వినబడింది. "మీరా?"

అది అన్నతో అన్నది కాదు.

అతను లాండ్రీ బట్టలతోనే రోడ్డు మీద పడి పరిగెత్తాడు. దొరికిన బండినల్లా ఆపాడు, ఎవరెవరి కాళ్ళో పట్టుకున్నాడు. దారి పొడుగునా ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాడు. అటు ఎవరూ ఎత్తలేదు. పచ్చగేటు దగ్గరికి చేరేసరికి మెట్ల నిండా జనం. కొరియరు మొదటి మెట్టు మీద కూలబడి, తల గోడకి కొట్టుకుంటున్నాడు. "గేటు ఇదేనా అని అడిగాడండీ. మన గ్రూపు మనిషే అనుకున్నాను. ఇదేనండి, మూడో అంతస్తు అన్నాను" అంటున్నాడు. వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతున్నాడు.

చెల్లెలు అప్పటికే లేదు. మొగుడు పారిపోలేదు. బల్ల దగ్గర, ఆమె ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుని, పోలీసులు వచ్చేదాకా ఉన్నాడు. వాళ్ళొచ్చి రెక్క పట్టుకుంటే "నెమ్మదిగా, నెమ్మదిగా" అన్నాడట. ఇస్త్రీబాబుని చూసి తల కూడా తిప్పుకోలేదు.

గది చోటు అతనికెలా తెలిసిందని పోలీసాయన అడిగాడు. ఇస్త్రీబాబు ఫోను తీసి చేతికిచ్చాడు. పోలీసాయన కామెంట్లన్నీ వరసగా పైనుంచి కిందికి చదివాడు. చదువుతుండగా ఇంకా కొత్తవి వచ్చి పడుతూనే ఉన్నాయి. గెలిచిన కొరియరుకి అభినందనలు అవి.

సాయంత్రానికి సంగతి గ్రూపులో తెలిసింది. మాస్టారు పోస్టు తీసేశాడు. నీడలమ్మ ఫోను చేసి మాట్లాడలేక ఏడ్చి పెట్టేసింది. ఎవరినీ ఏమీ అనడానికి ఇస్త్రీబాబుకి నోరు రాలేదు. వాళ్ళు చూడమన్నదాన్ని చూశారు. చూపించింది తను.

అమ్మకి చెప్పాల్సిన పని మిగిలింది. పొరుగువాళ్ళెవరో అప్పటికే చెప్పేశారు. అతను ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆమె మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళల్లో నీళ్ళు లేవు. ఎన్నో నెలల తర్వాత కొడుకు మొహంలోకి సూటిగా చూసింది.

"పిండిమిల్లు వెనకటరా?"

"అవునమ్మా."

"ఇంత దగ్గర్లో ఉందా! కూరలకి ఆ దారినే వెళ్తాను. తలెత్తితే కనిపించేది."

అతను ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేయలేదు, తోసేయనూ లేదు.

"కడుపున మోసినదాన్ని. నోరు జారతానని నాకు చెప్పలేదు. మంచిపని చేశావనే అనుకున్నాను, నీ మీద కోపం ఉన్నా. నాకు తెలియకపోతే వాడికీ తెలియదు కదా అని కడుపులో పెట్టుకున్నాను" అంది. మాట మాటకీ ఊపిరి పీలుస్తోంది. "నాకే చెప్పలేదే. మరి వాడికెవరు చెప్పార్రా?"

"నేనేనమ్మా" అన్నాడు.

ఆమెకి వినబడలేదో, వినాలనిపించలేదో. "ఎవరు చెప్పార్రా?" అని మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ చెప్పాడు.